నా నుయ్యి, ఆయన పగడాలు

నా నూతి నీళ్ళు చంటిపిల్లకు పట్టవద్దని ఆయన మా కోడలికి చెప్పాడు. నాకు చెప్పలేదు.

జరిగిన అన్యాయం అదీ. ముందుగా రాసేశాను, ఎందుకంటే మిగతా సంగతుల్లో పడితే ఆయన మంచివాడని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. నా తంటా అంతా అక్కడే ఉంది.

ఆయన పోయి నెల దాటింది. చీపురుపల్లిలో మా వీధి ఊరి చివరిది; మాకు ఎదురిల్లు ఆయనది. పేరు రాయను. మిషన్ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తమూ మూత్రమూ పరీక్షించే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి, రిటైరయ్యాక మా వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. బాప్టిస్టు చర్చి కుటుంబం. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యగారూ అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. వీధిలో అందరికీ ల్యాబ్ బావు; మా యాసలో బావు అంటే బాబు. సమాధుల దొడ్డిలో వాళ్ళ చర్చివాళ్ళంతా పాట పాడుతుంటే నేను గోడవారగా నిలబడి, ఈయన మీద నాకు కోపం ఉందా, పోయిందా అని లోపల వెతుక్కున్నాను. తేలలేదు. ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను, రాస్తే తేలుతుందేమోనని.

ఆయన అనగానే ముందు చెయ్యి గుర్తొస్తుంది. ఏ గాజు వస్తువు దొరికినా, టీ గ్లాసయినా సరే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. టీ ఇచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయేది.

"ఏటి సూస్తన్నారు మరిదిగారూ, ఈగ గాని పడిందేటి?"

"నేదండి వదినగారూ. రంగు బాగున్నాది."

వాళ్ళింట్లో ప్రతి డబ్బాకూ తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉండేది. దాని మీద పేరు, మూత తీసిన తేదీ. ఆవకాయ జాడీకీ ఉండేది, తలనూనె సీసాకీ ఉండేది. "ఎండ మండిపోతన్నాది గదేటి తమ్ముడూ" అంటే అందరిలాగా అవును అనేవాడు కాదు. లోపలికెళ్ళి గోడకున్న థర్మామీటరు చూసొచ్చి, "అవునండి" అనేవాడు. అప్పటికి నేను ఎండ సంగతి మరిచిపోయి ఎరువుల సంగతిలో ఉండేవాణ్ణి. దేన్నీ ఒకసారి చూసి నమ్మే మనిషి కాదు. ఏది చూపించినా "ఇంకోపాలి సూద్దామండి" అనేవాడు. ఆయన భార్య నవ్వుతూ చెప్పేది: "మా పెళ్ళిసూపులకి మూడుపాల్లు వచ్చేరండి ఈయన. మూడోపాలికి మా అమ్మ ఉప్మా సెయ్యడం మానేసింది."

ఆ పెద్ద తుపానుకు ముందటేడు, చెన్నైలో నర్సుగా ఉన్న వాళ్ళమ్మాయి సెలవుకు వస్తూ రైల్లో గాలి నింపిన సంచులు తెచ్చింది. ఒక సంచిలో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, మిగతావాటిలో రాళ్ళు. మూడడుగుల గాజుతొట్టి విశాఖపట్నం నుంచి ముందే వచ్చి ఉంది. ఆ రాళ్ళ మీద చొక్కా గుండీలంతేసి ఏవో పచ్చగా, ఎర్రగా అతుక్కుని ఉన్నాయి. లైటు వేస్తే విచ్చుకుంటాయి, ఆర్పితే ముడుచుకుంటాయి.

"పువ్వులా తమ్ముడూ?"

"కాదండి, జంతువులు. పగడాల జాతి."

"జంతువైతే నడవదేం?"

"నడవదండి. వెలుతురుతోటి బతుకుతాది. దాని ఒంట్లో సన్న మొక్కలాటిది ఉంటాది, అది వొండి పెడతాది దీనికి."

జంతువు కడుపులో మొక్క కాపురముండి దానికి అన్నం వండి పెట్టడమేమిటో నాకు బోధపడలేదు. నా చదువు మూడో తరగతి. ఆ పైన నేర్చుకున్నదంతా ఎరువు బస్తాల మీదా, వ్యవసాయశాఖ కరపత్రాల మీదా అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నది. అందులో పగడాలు లేవు.

సముద్రపు నీటి కోసం పదిహేను రోజులకోసారి, ఖాళీగా తీరానికి పోయే చేపల ఆటో ఎక్కి పూసపాటిరేగ దాటి వెళ్ళేవాడు. ఒడ్డున నీరు మురికని నడుంలోతుకు దిగి క్యాన్లు నింపేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు అరిచాడు: "ఏటి బావూ, వచ్చినప్పుడల్లా సముద్రాన్ని మోసుకుపోతన్నావు! మా తెప్ప ఆడడానికైనా కూసింత ఉంచు." ఈయన నవ్వకుండా, "పాతనీరు తెచ్చి తిరిగి పోసేత్తానండి" అన్నాడు. పోస్తాడు కూడా. అటువంటివాడే.

ఇక నా నూతి సంగతి. తొట్టిలో నీరు రోజూ కొంత ఆవిరైపోతుంది. నీరే పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. అందుకని తగ్గినమేరకు మంచినీరు పోయాలి. ఆ మంచినీరు నా నూతిది. రోజూ పొద్దున్నే రెండు క్యాన్లతో వచ్చేవాడు. మా వీధిలో ఎవరు బోరు వేసినా ఉప్పగానో, తుప్పు వాసనతోనో పడుతుంది. నా నుయ్యి తీపి. పాతికేళ్ళ వయసులో నేనూ మా అన్నయ్యా తవ్వుకున్నది. కందిపప్పు మెత్తగా ఉడకాలంటే నా నూతి నీళ్ళు, పెళ్ళివంటకు నా నూతి నీళ్ళు. గట్టెక్కినవాళ్ళను మీరెవరని ఒక్కరోజు అడగలేదు. నాకు డిగ్రీ లేదు, పదవి లేదు. చీపురుపల్లిలో నా పేరు చెప్తే ఎవరికీ తెలియదు. తీపినుయ్యి ఆయన అంటే తెలుస్తుంది. నాకున్న పేరు అదొక్కటే.

తుపాను వచ్చి స్తంభాలు పడిపోయి కరెంటు లేక కుళాయిలు ఆగిపోయినప్పుడు, వీధి వీధంతా నా గట్టు మీదే ఉంది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఎదురింటికి వెళ్ళాను. తొట్టిలో పంపు ఆగిపోయింది. ఆయన స్టీలు చెంబుతో నీరు ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోకే పోస్తున్నాడు, నీటిలో గాలి కలవాలని. మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని నాలుగు రోజులుగా ఇదే పని.

"పోతే పోనీ తమ్ముడూ, రెండు సేపలే గదా."

"అవి వస్తామన్నాయేటండి? నేనే తెచ్చేను" అన్నాడు చెంబు ఆపకుండా.

చేపలు బతికాయి. పగడాల గుండీలే తర్వాత కొన్నాళ్ళకు విచ్చుకోవడం మానేశాయి. రాళ్ళ మీద గోధుమరంగు జిగురు పట్టింది. ఆయన పరీక్ష మొదలుపెట్టాడు. వేలంత గాజుగొట్టంలో తొట్టినీరు పోసి, మొదటి సీసాలోంచి పది చుక్కలు వేసేవాడు. రెండో సీసాను అరనిమిషం పాటు తాయెత్తు మంత్రించేవాడిలా కుదిపి మరో పది చుక్కలు. గొట్టం నిమిషంసేపు ఊపి, అయిదు నిమిషాలు ఆగి, రంగుల కార్డు పక్కన పెట్టి కిటికీకి ఎత్తేవాడు. పసుపుగా ఉంటే మంచిది. నారింజకు తిరిగితే చెడ్డది. ఎరుపైతే మరీ చెడ్డది. ఆ రోజు ఎరుపు.

"ఏటిది?"

"నైట్రేటండి. సేప తింటాది, రెట్టేస్తాది. అది కుళ్ళి ఘాటవుతాది. ఆ ఘాటుని కంటికి కనబడని పురుగులు తిని ఇంకోటి సేస్తాయి. దాన్ని ఇంకో రకం పురుగులు తిని నైట్రేటు సేస్తాయి. అక్కడికొచ్చి ఆగిపోతాది. దాన్ని తినీవోడు తొట్లో ఎవుడూ నేడు. మనమే మోసుకెళ్ళి పారబొయ్యాల."

ఇది మాత్రం నాకు తెలిసిన సరుకే. "యూరియా బస్తా మీద నత్రజని నలభై ఆరు అని రాసుంటాది, అదే గదేటి? పైరుకి బలం గదా!"

"బలమేనండి. బలం ఎక్కువైపోయింది."

"బలం ఎక్కువై సచ్చినోణ్ణి నేనింతవరకు సూడనేదు."

"సుగరు పేషెంట్లందరూ అదేనండి" అన్నాడు.

నా చేనును ఆకుపచ్చగా చేసేదే ఆయన గుండీలను చంపుతోందంటే, అది మంచిదా చెడ్డదా? రెండు రోజులు ఆలోచించి వదిలేశాను.

ఆయన వదలలేదు. మేత సగానికి తగ్గించాడు. తొట్టినీరు వడకట్టే స్పాంజిని వారం వారం సముద్రపు నీటిలోనే పిండాడు. ఇసుక తీసి కడిగాడు. తొట్టి వెనక అరలో సముద్రపు నాచు పెంచాడు. నాచు నైట్రేటు తిని పెరుగుతుంది, పెరిగినదాన్ని కత్తిరించి బయట పారేస్తే నైట్రేటునూ పారేసినట్టేనట. "గడ్డి కోసినట్టే గదా, అది నాకూ ఒచ్చు" అని ఒకరోజు నేనే కత్తిరించాను. కొత్త సముద్రపు నీరు పోసినరోజు రంగు పసుపుకు దిగేది. పదిహేను రోజుల్లో మళ్ళీ ఎరుపుకెక్కేది.

"ఎక్కణ్ణుంచో వస్తన్నాదండి. సేపల్లోంచి ఇంత రాదు" అనేవాడు.

ఒక పొద్దున్న గట్టు మీద క్యాన్లు దించి, "అన్నయ్యగారూ, నుయ్యెంత లోతండి?" అన్నాడు. చెప్పాను. మర్నాడు, "ఆ గత్తం కుప్ప అక్కడ ఎన్నాళ్ళబట్టి ఉన్నాదండి?" అన్నాడు. నూతికి పది గజాల్లో మా పశువుల పేడకుప్ప ఉంది, దాని వెనక మా వరిచేను. మా నాన్న నాటినుంచీ కుప్ప అక్కడే అన్నాను. ఆ మర్నాడు, "ఈ ఏడు యూరియా ఎన్నిపాల్లు సల్లేరండి?" అన్నాడు. ఇన్నాళ్ళకు ఒక చదువుకున్నవాడికి నా వ్యవసాయం మీద బుద్ధి పుట్టిందని సంబరపడి, అరగంట చెప్పాను. ఎప్పుడు చల్లాలో, మడిలో నీరెంత ఉండాలో, నాలుగోసారి చల్లేవాడు ఎందుకు మూర్ఖుడో, అయినా నేనెందుకు చల్లానో. ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

ఆ వారం తర్వాత ఆయన నా నూతికి రాలేదు.

మొదట ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మూడోరోజు పొద్దున్న సైకిలు వెనక నీలం క్యాను కట్టుకుని బజారు వైపునుంచి వస్తున్నాడు. మినరల్ వాటరు ప్లాంటు నీళ్ళు. నన్ను చూసి దిగి, "అన్నయ్యగారూ, బాగున్నారా?" అన్నాడు. అంతే. ఆ క్యాను గురించి ఒక్క ముక్క లేదు. నేను అడగలేదు. నా నూతిని మానేసినవాణ్ణి ఎందుకు మానేశావని నేను అడగాలా?

మా వీధివాళ్ళ సంగతి మీకు తెలియదు. ఎవరికి జ్వరమొచ్చినా ఆసుపత్రి కాగితం ముందు ఈయన చేతికే ఇస్తారు. ఈయన కాగితం చదివి ఏమీ అనడు; వీళ్ళు ఆయన మొహం చదువుకుని వెళ్ళిపోతారు. కాగితం కన్నా ఆయన మొహమే వాళ్ళకు రిపోర్టు. అటువంటివాడు సైకిలు మీద క్యాను కట్టుకుని వీధి పొడుగునా వస్తే ఇంక చాటింపెందుకు? నెల తిరక్కుండా నా గట్టు మీద బిందెలు సగమయ్యాయి. పక్క సందులో ఉండే ఆవిడ, నన్ను మావా అని పిలిచేది, ఒకరోజు గట్టు దగ్గరే ఆగి అడిగేసింది.

"నీ నుయ్యికి ఏటైంది మావా?"

"ఏటీ అవనేదు. తాగి సూడు, తీపి తగ్గిందేమో."

"తీపికేటి, తీపిగానే ఉన్నాది. మరి ల్యాబ్ బావు ఉత్తినే మానేత్తాడేటి? రగతం సూసి రోగం సెప్పీసినోడు!"

"నీకేమైనా సెప్పేడా?"

"ఆయన సెప్తే గదా. సెప్పనేదు గాబట్టే బయిం."

నాలుగు నెలలకు మా మనవరాలు పుట్టింది. కోడలికి పాలు చాలక డబ్బాపాలు మొదలుపెట్టారు. మా అబ్బాయికి గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టులు, ఇంటి సంగతి వాడికి పట్టదు. ఒకనాడు నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే పొయ్యిగట్టు కింద నీలం క్యాను ఉంది. నా ఇంట్లో. నా నూతికి ఇరవై అడుగుల్లో.

"ఏటమ్మా ఇది?"

"నీళ్ళు మావయ్యా."

"నీళ్ళని కనబడతన్నాదిలే. ఎందుకని?"

"పాప పాలకి."

"ఎవలు సెప్పేరు?"

కోడలు సీసా కడుగుతూ తల వంచుకుంది. "ఎదురింటి బాబాయిగారు. మన నూతిలో అదేటో ఎక్కువుందేమోనని అనుమానమట. మరిగించినా పోదట. పెద్దోళ్ళకి ఏటీ కాదట గానీ, నెలల పిల్లల రక్తానికి పడదట, పెదిమలు నీలంగా అయిపోతాయట. అనుమానమే తప్ప నిజమో కాదో తెలీదన్నారు మావయ్యా. మీకు మాత్రం సెప్పొద్దన్నారు."

నాకు సెప్పొద్దన్నాడట! తవ్వింది నేను. డెబ్బై దాటేదాకా అవే నీళ్ళు తాగినవాణ్ణి నేను. నా పిల్లలు తల్లిపాలు తాగారు కనక బతికిపోయారా, లేక నూతిలో ఏమీ లేదా? ఉంటే ఎప్పటినుంచి ఉంది? కుప్పదా, యూరియాదా, లేక ఆ గాజుగొట్టం అబద్ధమాడుతోందా? ఎవరిని అడగాలి? అడగాల్సినవాడి మీదే కోపం.

పధ్నాలుగు నెలలు నేను ఆయనతో మాట్లాడలేదు. రోజూ పొద్దున్న సైకిలు దిగి, "అన్నయ్యగారూ, బాగున్నారా?" అనేవాడు. నేను ఆకాశం వైపు చూసేవాణ్ణి. ఒక్కరోజు మానలేదు ఆయన. ఒక్కరోజు పలకలేదు నేను. ఈ మధ్యలో గత్తం కుప్పను చేను అవతలి గట్టుకు మార్పించాను. ఎందుకు మార్చావని మా ఆవిడ అడిగితే దోమలని చెప్పాను.

తర్వాత ఆయనకు గుండె నీరసించింది. కాళ్ళకు నీరు పట్టింది. వాళ్ళావిడ వచ్చి మా ఆవిడతో, "ఆయన అన్నయ్యగారిని సూడాలంతన్నారు" అని చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనమయ్యాక వెళ్ళాను. మంచం తొట్టికి ఎదురుగా వేయించుకున్నాడు. గుండీలు విచ్చుకుని ఉన్నాయి, మునుపటికంటే రెట్టింపు ఉన్నాయి. అవి అలా ఉండడం చూసి నాకు సంతోషమూ కలిగింది, ఒళ్ళూ మండింది.

ఆయన కళ్ళతో సైగ చేస్తే వాళ్ళావిడ ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట మీద ప్లాస్టరు ముక్క, దాని మీద 'అన్నయ్యగారి నుయ్యి'. లోపల నెలకొక వరస. తేదీ, వేళ, వాన పడిందా లేదా, రంగు. నారింజ అని రాసి పక్కన ప్రశ్నార్థకం, ఎరుపు అని రాసి పక్కన ప్రశ్నార్థకం. నీళ్ళు ఎక్కడివంటే, నెలనెలా మా కోడలే సీసాలో పట్టి పంపుతోందట. మళ్ళీ నాకు తెలియకుండా! నోటుబుక్కు మధ్యలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. విజయనగరంలో నీళ్ళు పరీక్షించేచోట ఇచ్చింది. ఉప్పు, ఇనుము, సున్నం, అన్నిటికీ ఎదురుగా అంకెలున్నాయి. నైట్రేటుకు ఎదురుగా ఒక అడ్డగీత.

"ఈ గీతేటి తమ్ముడూ?" పధ్నాలుగు నెలల తర్వాత నా నోట వచ్చిన మొదటి మాట అదే.

"అది పరీక్షించే మందు అయిపోయిందటండి. తరవాత రమ్మన్నారు. మూడుపాల్లు ఎల్లేను."

"మరి నీ గొట్టం సెప్తన్నాది గదా?"

"నా డబ్బాలో వచ్చింది ఉప్పునీళ్ళ కార్డండి. మంచినీళ్ళకి వేరే కార్డుంటాది. దాంతో పోల్చి సెప్పేద్దామంటే మనసొప్పనేదు."

ఆ నెల మా కోడలు పంపిన నీళ్ళ సీసా బల్ల మీద ఉంది. నేను చూస్తుండగా ఆవిడ గొట్టంలో పోసి చుక్కలు వేసింది. ఊపడానికి ఆయనకు చేతుల్లో సత్తువ లేదు, ఆవిడే ఊపింది. అయిదు నిమిషాలు ముగ్గురం గొట్టం వైపే చూస్తూ కూర్చున్నాం. కిటికీకి ఎత్తితే నాకు పసుపుకు కాస్త పైన కనబడింది. ఆవిడ ఎరుపే అంది. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "మధ్యలో ఉన్నాది" అన్నాడు. నా నూతి బతుకు ఆ మధ్యలో వేలాడుతోంది.

అప్పుడు నాకు ఆగలేదు. జబ్బు మనిషి అని కూడా చూడలేదు. "పిల్లకి పట్టొద్దని నా కోడలికి సెప్పేవు. నాకెందుకు సెప్పనేదు? నువ్వు నోరిప్పకుండా క్యాను కట్టుకు తిరిగితే వీధి వీధంతా నా నుయ్యి మానేసింది. ఆ మాటేదో నా మొహం మీద అనేస్తే నీ సొమ్మేటి పోయింది?" అన్నాను.

ఆయన గొట్టం నా చేతికిచ్చేసి, ఊపిరి తీసుకుని, ఇలా అన్నాడు:

"క్యాను అందరికీ కనబడేటట్టు తేవడం నా తప్పేనండి. నేను మానేస్తే వీధంతా మానేస్తాదని అనుకోనేదు. ఇంక సెప్పకపోవడం అంటారా... పాపకైతే అనుమానం సాలండి అన్నయ్యగారూ. మీ నూతికి రుజువు కావాల. అది నాకు దొరకనేదు."